కారు తయారైంది, సర్టిఫికెట్ రాలేదు: డబ్ల్యూఎల్‌టీపీ (యూరప్‌లో సెప్టెంబర్ 1 నుంచి అమ్మే ప్రతి కారుకీ తప్పనిసరైన కొత్త పొగ టెస్ట్) వల్ల డెలివరీ ఆగినవాళ్లు ఇక్కడ రాయండి

బోబ్లింగెన్_నెల్లూరు | 14 అక్టోబర్ 2018

అందరికీ నమస్కారం. మేము జర్మనీలో స్టుట్‌గార్ట్ పక్కన బోబ్లింగెన్‌లో ఉంటాం. మార్చిలో కొత్త కారు బుక్ చేశాం: 1.5 లీటర్ల పెట్రోల్, ఆటోమేటిక్, పైన గ్లాస్ రూఫ్. ఆర్డర్ కాగితంలో డెలివరీ "ఆగస్టు 2018, తేదీ ఖరారు కాదు" అని ఉంది. ఆగస్టు పోయింది, సెప్టెంబర్ కూడా పోయింది. ఎప్పుడు ఫోన్ చేసినా డీలర్‌ది ఒకటే మాట: "కారుకి కొత్త ఎమిషన్ సర్టిఫికెట్ రాలేదు, వచ్చాక మేమే చెప్తాం." ఎప్పటికి వస్తుందని అడిగితే తెలీదంటారు.

మా టెన్షన్ ఏంటంటే, ఇప్పుడు మా దగ్గరున్నది యూరో 4 అనే పాత పొగ ప్రమాణం నాటి డీజిల్. జనవరి 1 నుంచి స్టుట్‌గార్ట్‌లోకి యూరో 4 డీజిల్‌ని రానివ్వరు. ఆ ఊళ్లో ఉండేవాళ్లకి ఏప్రిల్ 1 దాకా గడువుంది, బయట ఉండే మాకు అది లేదు. మా ఆయన ఆఫీసూ, మా బాబు డాక్టరూ అక్కడే. దీనికి తోడు పాత కారుకి ఎక్స్ఛేంజ్ కింద ఒప్పుకున్న రేటు తగ్గిస్తామంటున్నారు, లేటయ్యేకొద్దీ కారు పాతబడుతోందట. లేటు చేసింది వాళ్లయితే డబ్బు పోయేది మాకా?

గ్లాస్ రూఫ్ తీసేయమంటే త్వరగా వస్తుందని ఒక ఫ్రెండ్ చెప్పారు. నిజమేనా? అసలు ఆగాలా, రద్దు చేసుకోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

నిర్వాహకులు | 14 అక్టోబర్ 2018

ఒక్క విన్నపం. మీ సొంత ఇబ్బంది రాసేటప్పుడు కంపెనీ పేరు, డీలర్ పేరు రాయకండి. వార్తల్లో వచ్చినవి, ప్రభుత్వ లెక్కల్లో ఉన్నవి అయితే పేర్లతో రాయొచ్చు.

బెర్లిన్_బాబాయి | 14 అక్టోబర్ 2018

అమ్మా, మీరొక్కరే కాదు. నేను బెర్లిన్‌కి దక్షిణం వైపు ఉంటాను. ఇక్కడ కొత్త విమానాశ్రయం 2012లో తెరవాల్సింది, ఇప్పటికీ తెరవలేదు. ఆ ఖాళీ పార్కింగ్ స్థలాలను ఫోక్స్‌వ్యాగన్ అద్దెకు తీసుకుంది. బానెట్ల మీద తెల్ల ప్లాస్టిక్ కవర్ కూడా తీయని కొత్త కార్లు నంబర్ ప్లేట్ లేకుండా వరుసలు వరుసలుగా నిలబడి ఉన్నాయి. రెండు లక్షల నుంచి రెండున్నర లక్షల కార్ల దాకా లేటవుతాయని కంపెనీయే చెప్పింది. వేసవి సెలవుల తర్వాత వోల్ఫ్స్‌బుర్గ్ ఫ్యాక్టరీలో కొన్ని రోజులు పనే ఆపేశారు. మీలాంటి ఎన్ని కుటుంబాలు ఎదురుచూస్తున్నాయో అనిపిస్తుంది, అటువైపు వెళ్లినప్పుడల్లా.

గుంటూరు_డీజిల్ | 15 అక్టోబర్ 2018

నాకైతే ఈ రూల్ మీదే కోపం. అదే కారు, అదే ఇంజిన్. ఆగస్టు 31న రిజిస్టర్ చేస్తే పనికొచ్చింది, సెప్టెంబర్ 1న పనికిరాకుండా పోయిందా? ఒక్క రాత్రిలో దాని పొగ మారిపోయిందా? బ్రస్సెల్స్‌లో యూరోపియన్ యూనియన్ ఆఫీసుల్లో కూర్చుని రూల్స్ రాసేవాళ్లకి మన ఇబ్బంది ఏం తెలుసు? జర్మనీలో సెప్టెంబర్‌లో కొత్త కార్ల రిజిస్ట్రేషన్లు పోయినేడాదితో పోలిస్తే 30 శాతం పడిపోయాయి. జనం కొనడం మానేశారా? లేదు కదా, అమ్మడానికి కార్లు లేక. నేనూ జూన్ నుంచి ఎదురుచూస్తున్నాను. టెస్ట్ పెట్టండి, కాదనను. కానీ డబ్బు కట్టిన వాళ్ల కార్లు ఇచ్చేసి, తర్వాత ఆర్డర్ల నుంచి మొదలుపెట్టొచ్చుగా.

పుణె_ల్యాబ్ | 15 అక్టోబర్ 2018

నేను ఎమిషన్ టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేస్తాను. కొంతకాలం జర్మనీ ప్రాజెక్టులో కూడా ఉన్నాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

గుంటూరు గారూ, పొగ ఒక్క రాత్రిలో మారలేదు, నిజమే. అంతకుముందు కాగితం మీద చూపించిన పొగే నిజం కాదు. పాత టెస్ట్ ఎన్‌ఈడీసీలో ఊళ్లో నడిపే భాగం 1970ల నాటిది, హైవే భాగం 1990లో కలిపారు. మొత్తం ఇరవై నిమిషాలు, 11 కిలోమీటర్లు, సగటు వేగం గంటకి 34 కిలోమీటర్లు. యాక్సిలరేటర్‌ని అంత మెల్లగా తొక్కుతూ రోడ్డు మీద ఎవరూ నడపరు. పైగా ప్రకటించే అంకెను కొలిచినదానికంటే 4 శాతం దాకా తగ్గించి చూపించుకునే వెసులుబాటు. బండ్ల కాలుష్యం మీద పరిశోధన చేసే ఐసీసీటీ సంస్థ లెక్క ప్రకారం కాగితం మీది ఇంధన ఖర్చుకీ రోడ్డు మీది ఖర్చుకీ తేడా 2001లో 9 శాతం ఉంటే 2016కి 42 శాతానికి చేరింది. అంటే కారు కొన్న ప్రతివాడూ పెట్రోల్ బంకులో ఆ తేడా కడుతూ వచ్చాడు.

కొత్తది, డబ్ల్యూఎల్‌టీపీ, 30 నిమిషాలు, 23 కిలోమీటర్ల పైన, గరిష్ఠ వేగం 131. ల్యాబ్‌లో అది ఎలా ఉంటుందో చెప్తాను. కారుని ముందు రోజే 23 డిగ్రీల గదిలో పెట్టి వదిలేస్తాం. ఇంజిన్ ఆయిల్ కూడా ఆ వేడికి వచ్చాకే టెస్ట్. ఆ గదిలోంచి రోలర్ల మీదకి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మనుషులమే తోసుకుంటూ తీసుకెళ్తాం, ఎందుకంటే చల్లటి ఇంజిన్ మొదటి నిమిషాల్లో వదిలే పొగే ఎక్కువ, అది లెక్కలోకి రావాలి. డ్రైవర్ ముందు స్క్రీన్ మీద వేగం గీత కదులుతూ ఉంటుంది. ఆ గీతకి అటూ ఇటూ రెండు కిలోమీటర్ల లోపే నడపాలి, దాటి ఎక్కువసేపు ఉంటే ఆ రన్ చెల్లదు. అప్పుడు కారు మళ్లీ ఆ గదికి, మళ్లీ ఎదురుచూపు. సైలెన్సర్ నుంచి వచ్చే గాలిని సంచుల్లో పట్టి కొలుస్తాం. అందుకే ఒక్క టెస్ట్ బెంచ్ మీద రోజుకి అయ్యే టెస్టులు చాలా తక్కువ.

ఇది కాకుండా ముందు ట్రాక్ పని ఉంది. కారుని వేగంగా తీసుకెళ్లి న్యూట్రల్‌లో వదిలేసి, దానంతట అది ఎంతసేపట్లో నెమ్మదిస్తుందో రెండు దిక్కుల్లోనూ కొలవాలి. గాలి ఎక్కువ ఉన్నా, వాన పడ్డా ఆ రోజు పోయినట్టే.

నెల్లూరు మేడమ్, ఇప్పుడు మీ ప్రశ్నకి. గ్లాస్ రూఫ్ తీసేస్తే త్వరగా వస్తుందన్నది నిజం కాదు. ప్రతి ఆప్షన్‌కీ విడిగా టెస్ట్ చేయరు. ఒక ఇంజిన్, ఒక గేర్‌బాక్స్ ఉన్న కార్లను ఒక కుటుంబం అనుకుంటారు. అందులో అన్ని ఆప్షన్లూ ఉన్న బరువైన కారు ఒకటి, ఏమీ లేని తేలిక కారు ఒకటి కొలుస్తారు. మధ్యలో ఉన్నవాటికి బరువు, టైర్లు, కారు ఆకారానికి ఎదురయ్యే గాలి నిరోధం బట్టి లెక్క కడతారు. కాబట్టి గ్లాస్ రూఫ్ వల్ల మీ కారు అంకె కొద్దిగా పెరుగుతుందే గానీ క్యూ మారదు. గేర్‌బాక్స్ మారితే క్యూ మారుతుంది. మాన్యువల్‌కి సర్టిఫికెట్ వచ్చిందా, ఆటోమేటిక్‌కి రాలేదా అన్నది డీలర్‌ని సూటిగా అడగండి.

బోబ్లింగెన్_నెల్లూరు | 15 అక్టోబర్ 2018

ఇంత వివరంగా మాకెవరూ చెప్పలేదండీ. డీలర్ అయితే "బ్రస్సెల్స్ రూల్" అని రెండు ముక్కల్లో తేల్చేశాడు. రేపే గేర్‌బాక్స్ సంగతి అడుగుతాను.

గుంటూరు_డీజిల్ | 15 అక్టోబర్ 2018

పుణె గారూ, పాత టెస్ట్ పనికిరాదని ఒప్పుకుంటా. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. ఇంత పని ఉందని తెలిసీ అందరికీ ఒకే రోజు గడువు పెట్టడం ఏంటి?

పుణె_ల్యాబ్ | 16 అక్టోబర్ 2018

ఒకే రోజు కాదండీ. కొత్తగా మార్కెట్లోకి వచ్చే మోడళ్లకి 2017 సెప్టెంబర్ 1, పాత మోడళ్లతో సహా అమ్మే ప్రతి కారుకీ 2018 సెప్టెంబర్ 1. మధ్యలో పూర్తి ఏడాది. ఆ నిబంధన 2017 జులైలోనే గెజిట్‌లో వచ్చింది, చర్చ అంతకుముందు ఏళ్ల నుంచీ నడుస్తోంది. మిగిలిపోయిన స్టాక్ కోసం కొంత మినహాయింపు కూడా ఉంది, అంతకుముందు ఏడాది రిజిస్టర్ అయినదాంట్లో 10 శాతం మించకుండా.

కంపెనీల వాదన కూడా చెప్పాలి. కొన్ని వివరాలు ఆఖర్లో ఖరారయ్యాయి, ల్యాబ్ బెంచీలు చాలలేదు అంటున్నారు. బెంచీల కొరత నేను కళ్లారా చూశాను. అదే సమయంలో నేరుగా ఇంజెక్షన్ అయ్యే పెట్రోల్ ఇంజిన్లకి మసి కణాల పరిమితి కఠినం చేశారు, దాంతో చాలా ఇంజిన్లకి కొత్తగా ఫిల్టర్ బిగించాల్సి వచ్చింది. ఫిల్టర్ వస్తే ఇంజిన్ సెట్టింగులన్నీ మళ్లీ సరిచేయాలి. కానీ బీఎండబ్ల్యూ, పీఎస్‌ఏ (ప్యూజో, సిట్రోయెన్ కార్ల కంపెనీ) లాంటివి గడువుకి ముందే సిద్ధమయ్యాయి. వాళ్లకీ అదే రూలు, అదే ఏడాది. కాబట్టి ఈ ఆలస్యాన్ని రూల్ మీదకి నెట్టేయడం నాకు నచ్చదు. ఎన్ని రకాల ఇంజిన్లు, గేర్‌బాక్సులు అమ్ముతున్నామో, వాటికి ఎన్ని టెస్టులు కావాలో తెలిసిన కంపెనీ, మార్చిలో ఈ కుటుంబం దగ్గర ఆర్డర్ తీసుకుని ఆగస్టు అని రాసిచ్చింది. అక్కడ ఉంది తప్పు.

బెర్లిన్_బాబాయి | 16 అక్టోబర్ 2018

పుణె బాబు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. 2015 సెప్టెంబర్‌లో అమెరికాలో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లలో టెస్టప్పుడు మాత్రమే పొగ తక్కువ చూపించే సాఫ్ట్‌వేర్ సంగతి బయటపడ్డాక, ప్రపంచవ్యాప్తంగా కోటి పది లక్షల కార్లలో అది ఉందని తేలాక, ఈ దేశంలో కాగితాన్ని ఎవరు నమ్ముతారు? నా కారు కూడా ఆ లెక్కలోదే. దాన్ని అమ్మబోతే ఎవరూ సరైన రేటు ఇవ్వలేదు. టెస్ట్ ఇంకా కఠినంగా ఉండాలనే నేనంటాను.

ఫ్రాంక్‌ఫర్ట్_ఓరుగల్లు | 16 అక్టోబర్ 2018

అక్కా, టెస్టుల సంగతి అయిపోయింది కాబట్టి నేను కాగితాల సంగతి చెప్తా. నేను వకీలుని కాదు, కానీ మా ఇంట్లో ఇదే తలనొప్పి వచ్చినప్పుడు వినియోగదారుల సలహా కేంద్రంలో కూర్చుని అన్నీ అడిగి తెలుసుకున్న.

మీ ఆర్డర్ వెనకాల చిన్న అక్షరాల్లో అమ్మకం షరతులు ఉంటాయి. జర్మనీలో ఎక్కువ మంది డీలర్లు వాడేది ఒకటే నమూనా. అందులో ఖరారు కాని తేదీ అయితే, ఆ తేదీ దాటాక ఆరు వారాలకి మీరు "కారు ఇవ్వండి" అని అడిగే హక్కు వస్తుంది. మీది ఆగస్టు, అంటే ఆగస్టు 31 నుంచి ఆరు వారాలు. అక్టోబర్ 12తో అయిపోయింది. ఇప్పుడు మీరు అడిగిన క్షణం నుంచి ఆలస్యం అధికారికంగా వాళ్ల ఖాతాలోకి పోతుంది. ఫోన్ మీద అడిగితే లెక్కలోకి రాదనుకోండి, ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

ఆ ఉత్తరంలోనే ఇంకో గడువు పెట్టండి, మామూలుగా రెండు వారాలు. అది కూడా దాటితే ఒప్పందం రద్దు చేసుకుని అడ్వాన్స్ వెనక్కి తీసుకోవచ్చు. నష్టపరిహారం కూడా అడగొచ్చు, కానీ మామూలు నిర్లక్ష్యం అయితే ఆలస్యానికి కారు ధరలో 5 శాతం దాకానే అని అదే షరతుల్లో ఉంటుంది. డీలర్ మాత్రం "మా చేతిలో లేని కారణం" అంటాడు, అట్లా అంటే ఆ మాట కూడా రాసివ్వమనండి. ఏడాది ముందే తెలిసిన రూల్‌ని అకస్మాత్తుగా వచ్చిన వరద లెక్క చూపించడం కష్టం.

ఎక్స్ఛేంజ్ రేటు గురించి: మొదట ఒప్పుకున్న రేటు కాగితం మీద ఉందా? కిలోమీటర్ల పరిమితి, తేదీ పరిమితి ఏమన్నా రాశారా? అది చూసి చెప్పండి. ఉత్తరం పంపకముందే చూడాలె.

బోబ్లింగెన్_నెల్లూరు | 17 అక్టోబర్ 2018

తమ్ముడూ, కాగితం తీసి చూశాను. రేటు రాసి ఉంది, కిలోమీటర్ల పరిమితి ఉంది, తేదీ మాత్రం లేదు. ఇన్నాళ్లూ కారు తక్కువే తీశాం కాబట్టి కిలోమీటర్లు దాటలేదు.

డీలర్‌ని కూడా అడిగాను. మాన్యువల్‌కి సర్టిఫికెట్ వచ్చేసిందట, ఆటోమేటిక్‌కే ఆగిందట. ఇది ముందే ఎందుకు చెప్పలేదంటే మీరు అడగలేదు కదా అన్నాడు. చాలా బాధేసింది. నాకు మాన్యువల్ నడపడం వచ్చు గానీ మోకాలి ఆపరేషన్ తర్వాత క్లచ్ తొక్కడం కష్టం, అందుకే ఆటోమేటిక్ అడిగాం.

లండన్_లెక్కలు | 17 అక్టోబర్ 2018

మేడమ్, ఒక విషయం ఎవరూ చెప్పలేదు: రోడ్ ట్యాక్స్. జర్మనీలో సెప్టెంబర్ 1 తర్వాత రిజిస్టర్ అయ్యే కారుకి పన్ను కొత్త అంకె మీద వేస్తారు. ప్రతి 100 సీసీకి పెట్రోల్ అయితే 2 యూరోలు, దాని మీద కిలోమీటరుకి 95 గ్రాముల పైన ప్రతి గ్రాము కార్బన్ డయాక్సైడ్‌కి మరో 2 యూరోలు. ఉదాహరణకి మీ 1.5 లీటర్ల ఇంజిన్‌కి పాత టెస్టులో 120 గ్రాములు అనుకుందాం: 30, దానికి 50 కలిపితే ఏడాదికి 80 యూరోలు. అదే కారు కొత్త టెస్టులో 142 వస్తే 30, దానికి 94 కలిపి 124. కొత్త అంకె పాతదానికంటే సుమారు ఐదో వంతు పెరగడం మామూలే. మార్చిలో మీకు ఇచ్చిన కాగితం మీద పాత అంకె ఉండి ఉంటుంది. ఆగస్టులో కారు ఇచ్చి ఉంటే పాత అంకె మీదే పన్ను పడేది, ఆ కారు మీ దగ్గర ఉన్నంతకాలం. ఈ తేడా కూడా ఉత్తరంలో రాయండి.

మా యూకేలో 2020 ఏప్రిల్ దాకా పన్ను పాత పద్ధతికి మార్చిన అంకె మీదే, అందుకని ఇక్కడ ఆ గోల లేదు. కార్లు రాకపోవడం మాత్రం ఇక్కడా ఉంది. సెప్టెంబర్ అంటే మాకు కొత్త నంబర్ ప్లేట్ల నెల, మార్చి తర్వాత ఏడాదిలో పెద్ద అమ్మకాలు అప్పుడే. ఈసారి 20 శాతం పడిపోయాయి.

గుంటూరు_డీజిల్ | 18 అక్టోబర్ 2018

మేడమ్, మీ మోకాలి సంగతి చదివాక నా కష్టం చిన్నదే అనిపించింది. నాకు తోచిన ఒక దారి చెప్తా. ఆగస్టులో డీలర్లు గడువుకి ముందు చాలా కార్లు తమ పేరు మీదే రిజిస్టర్ చేసేసుకున్నారు. అందుకే ఆ నెలలో యూరప్‌లో రిజిస్ట్రేషన్లు 31 శాతం పెరిగాయి. అవి కాగితం మీద సెకండ్ హ్యాండ్, నడిచింది దాదాపు సున్నా. తగ్గింపు బాగానే ఇస్తున్నారు. వాటిలో ఆటోమేటిక్ పెట్రోల్ దొరుకుతుందేమో చూడండి. పన్ను కూడా పాత అంకె మీదే ఉంటుంది.

పుణె_ల్యాబ్ | 18 అక్టోబర్ 2018

గుంటూరు గారు చెప్పింది మంచి దారే. తీసుకునేముందు రెండు చూడండి. మొదటిది, వారంటీ రిజిస్టర్ అయిన రోజు నుంచి మొదలవుతుంది, అంటే కొన్ని వారాలు ఇప్పటికే అయిపోయి ఉంటాయి. రెండోది, అందులో చాలావాటికి మసి కణాల ఫిల్టర్ ఉండదు. ఇలాంటి కొత్త పెట్రోల్ కారుకి ఇప్పుడు ఏ ఊళ్లోనూ నిషేధం లేదు, అయినా మీ ఇంట్లో చిన్నపిల్లాడు ఉన్నాడు, అదే కారు ఇంకో పదేళ్లు వాడతారు. నేనైతే ఫిల్టర్ ఉన్నదే తీసుకుంటాను. డీజిల్ కొనేవాళ్లు మాత్రం యూరో 6డి-టెంప్ కానిది ముట్టుకోవద్దు. అది రోడ్డు మీద నడిపి కొలిచిన డీజిల్, మిగతావి ల్యాబ్‌లో మాత్రమే కొలిచినవి.

కూకట్‌పల్లి_2020 | 26 అక్టోబర్ 2018

చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. నేను హైదరాబాద్‌లో ఉంటాను. మొన్న 24న సుప్రీంకోర్టు తీర్పు చూశారా? 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4 బండి అమ్మడానికీ వీల్లేదు, రిజిస్టర్ చేయడానికీ వీల్లేదు. అన్నీ బీఎస్-6 కావాలి. కంపెనీలు "మార్చి దాకా తయారుచేసినవి తర్వాత అమ్ముకోనివ్వండి" అని అడిగితే కోర్టు ఒప్పుకోలేదు. మాకూ యూరప్‌లా డెలివరీలు ఆగిపోతాయా?

పుణె_ల్యాబ్ | 27 అక్టోబర్ 2018

ఆ తీర్పు వచ్చినప్పటి నుంచీ మా ల్యాబ్‌లో అందరూ అదే మాట. బీఎస్-5 వదిలేసి నేరుగా 6కి దూకుతున్నాం కాబట్టి పని ఎక్కువే. కానీ 2017 మార్చి 29 నాటి బీఎస్-3 తీర్పుతో పోలిస్తే ఇది మేలు. అప్పుడు ఏప్రిల్ 1 దాకా మిగిలింది రెండ్రోజులు, స్టాక్‌లో ఎనిమిది లక్షలకు పైగా బండ్లు, ఎక్కువ భాగం బైకులు, స్కూటర్లు. తగ్గింపుల కోసం షోరూంల ముందు జనం ఎలా కిక్కిరిశారో మీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు పదిహేడు నెలలుంది, తేదీలో తికమక లేదు. మన టెస్ట్ పద్ధతి కూడా మారడం లేదు, పాత యూరప్ సైకిల్‌నే మన రోడ్లకి తగ్గట్టు 90 కిలోమీటర్ల గరిష్ఠ వేగానికి తగ్గించుకున్నది అలాగే ఉంటుంది. మీరు 2020 జనవరి తర్వాత కొనేటట్టయితే మాత్రం "మార్చి 31లోపు రిజిస్ట్రేషన్ చేసిస్తాం" అని రాయించుకోకుండా బీఎస్-4కి అడ్వాన్స్ కట్టకండి. టెంపరరీ నంబర్ చేతిలో పెట్టి మిగతాది తర్వాత చూద్దాం అంటే ఒప్పుకోవద్దు.

బోబ్లింగెన్_నెల్లూరు | 11 నవంబర్ 2018

అందరికీ ముందుగా కృతజ్ఞతలు. ఫ్రాంక్‌ఫర్ట్ తమ్ముడు చెప్పినట్టే ఉత్తరం రాశాం. అందులో మూడు అడిగాం: రెండు వారాల గడువు, ఎక్స్ఛేంజ్ రేటు మార్చకూడదని, జనవరి 1 లోపు కారు రాకపోతే వేరే కారు ఇవ్వాలని. పన్ను తేడా కూడా లెక్కతో సహా పెట్టాం.

ఫోన్ మీద ఎన్నాళ్లు బతిమాలినా కదలని డీలర్ ఉత్తరం అందిన వారంలోనే మేనేజర్‌తో ఫోన్ చేయించాడు. ఎక్స్ఛేంజ్ రేటు పాతదే ఉంచుతామని రాసిచ్చారు. డిసెంబర్ మధ్యలో ఆటోమేటిక్‌కి సర్టిఫికెట్ వస్తుందని కంపెనీ నుంచి వచ్చిన కాగితం చూపించారు. అది రాకపోతే జనవరి 2 నుంచి మా కారు వచ్చేదాకా అద్దె లేకుండా ఒక పెట్రోల్ కారు వాడుకోవడానికి ఇస్తామన్నారు, అదీ సంతకంతో. పన్ను తేడాకి మాత్రం ఒప్పుకోలేదు. దాని బదులు వింటర్ టైర్లు ఇస్తామన్నారు, తీసుకున్నాం. రద్దు చేసుకోకుండా ఆగుతున్నాం. ఫిల్టర్ ఉన్న కారే కావాలని పుణె గారి మాట మీద మా ఆయనా నేనూ నిర్ణయించుకున్నాం.

గుంటూరు_డీజిల్ | 11 నవంబర్ 2018

చాలా సంతోషం మేడమ్. నేను కూడా రేపే ఉత్తరం వేస్తున్నా. మీ ఉత్తరం నమూనా, పేర్లు తీసేసి, ఇక్కడ పెట్టగలరా?

మ్యూనిక్_కొత్త | 12 నవంబర్ 2018

నమస్తే. నాది ఇలాంటి కేసే గానీ నా ఆర్డర్‌లో "అక్టోబర్ 30, ఖరారు" అని ఉంది. నేను కూడా ఆరు వారాలు ఆగాలా?

ఫ్రాంక్‌ఫర్ట్_ఓరుగల్లు | 12 నవంబర్ 2018

ఆగనక్కర్లేదు బ్రదర్. ఖరారు తేదీ అయితే అది దాటిన రోజు నుంచే ఆలస్యం వాళ్ల ఖాతాలో ఉన్నట్టు. నేరుగా రెండు వారాల గడువు పెట్టి ఉత్తరం పంపండి. "ఖరారు" అన్న ముక్క ఆర్డర్ కన్ఫర్మేషన్ మీద కూడా ఉందో లేదో ఒకసారి చూసుకోండి. కొన్నిసార్లు బుకింగ్ ఫారం మీద ఒకటి, కన్ఫర్మేషన్ మీద ఇంకోటి ఉంటుంది.